పదకొండు కాయల జట్టు

వానలకు ముందు మా వీధి చివరి శెనక్కాయల మిల్లు మీదుగా వెళ్తుంటే తడిసిన పొట్టు వాసన ముక్కుకు తగులుతుంది. ఆఫీసుకు ఎంత ఆలస్యమైనా కాసేపు ఆగిపోతాను. ఆ వాసనలో కంబదూరు దగ్గరి మా పల్లె ఉంది, ఎండాకాలం సెలవులున్నాయి, మా నాయనకు నేను చేసిన అన్యాయం కూడా ఉంది.

తొంభైల చివర్లో వానలు వరసగా మొగం చాటేసిన కాలమది. అయినా జ్యేష్ఠం దగ్గరపడగానే విత్తనం కాయలు వసారాలో కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక బొటనవేలితో నొక్కి ఒలుస్తూ, గోళ్లు మండితే ఊదుకుంటూ, మధ్యాహ్నం ఇంత సంకటి, ఊరిబిండి పచ్చడి తిని మళ్లీ ఆ కుప్ప దగ్గరికే చేరేవాళ్లం. ఆడుకుందామంటే ఆడేవాళ్లేరీ? ఊరి క్రికెట్ జట్టులో సగం మంది బెంగుళూరుకు కూలికి పోయారు. అందుకే నేనూ, మా చిన్నాయన కొడుకు ఓబులేసూ నేలమీదే జట్టు కట్టాం. మా ఊళ్లో ఏనాడైనా ఆడినవాళ్లందరిలోంచి పదకొండు మందిని ఏరాలి, మనిషికో కాయ. రెండు గింజలది బ్యాట్స్‌మన్, పొట్టిగా గట్టిగా ఉన్నది కీపర్, మూడు గింజలది ఆల్‌రౌండర్. ఆ కుప్పంతా వెతికితే మూడు గింజల కాయ ఒక్కటే దొరికింది. దానికి నా పేరే పెట్టుకున్నాను. నాకప్పటికి పదకొండేళ్లు, ఊరి తరఫున ఒక్క మ్యాచ్ ఆడిన పాపాన పోలేదు.

పక్కనే కాయలు ఒలుస్తూ అంతా వింటున్న నాయన ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమప్పా, నేను యాడుండాను?"

ఓబులేసు నా మొగం చూశాడు. పెళ్లికి ముందు నాయన బంతి వేస్తే పక్క ఊళ్లవాళ్లు జంకేవాళ్లని ఇద్దరమూ విన్నవాళ్లమే. కానీ మిగతా పదిమందినీ కొట్లాడి ఏరుకున్నాం. నాయనను తీసుకోవాలంటే నన్ను నేనే తీసేసుకోవాలి.

"ఫాస్ట్ బౌలర్లు ముగ్గురుండారు నాయనా. బ్యాలెన్స్ పోతాది," అన్నాను.

మర్నాడు పొద్దున్నే నన్ను కళ్లంలోకి పిలిచి, బ్యాటు చేతికిచ్చి, లుంగీ ఎగ్గట్టి, చెప్పులు విడిచి, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఒక్క బంతి వేశాడు. నేను బ్యాటు ఎత్తేలోపే వెనక పాతిన కందికట్టె విరిగింది. నాయన భుజం రుద్దుకుంటూ నావైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన దేనికోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు.

"టీము అయిపోయింది నాయనా, ఇంక మార్చేది లేదు," అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం విత్తనం తక్కువపడి, అమ్మ ఆ పదకొండు కాయలనూ ఒలిచి గంపలో వేసేసింది.

ఇప్పుడు చేత్తో ఒలిచేవాళ్లు లేరు, అన్నీ మిషన్లే. ఓబులేసు కూడా బెంగుళూరుకు పోయి అక్కడే ఉండిపోయాడు. నాయన నాతోనే అనంతపురంలో ఉంటున్నాడు, కుడి చెయ్యి పైకి లేవదు. మొన్న అన్నం కలిపి పెడుతూ చెప్పేశాను.

"నాయనా, ఆ టీములోంచి నన్ను తీసేసినా. నిన్ను పెట్టినా."

ఏ టీమని అడగలేదు. ముద్ద నెమ్మదిగా నమిలి మింగాడు.

"తొలి ఓవరు యా పక్కనుంచి ఎయ్యల్లప్పా? గుట్ట పక్కనుంచా, బాయి పక్కనుంచా?"

మా ఊరి ఆటస్థలం పక్కనున్న ఆ గుట్టను కంకర కోసం ఎప్పుడో తవ్వేశారు. బావి పూడిపోయింది.

"గుట్ట పక్కనుంచే నాయనా," అన్నాను. "గాలి నీ వెనకుంటాది."