ఆ గడిలో మూడు చుక్కలు

ఆరేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా ఒళ్ళు మోసే నొప్పుల సంగతి పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో మా వీధి వీధంతటికీ తెలుసు, వాటి గురించి నాకంటే వాళ్ళే బాగా చెప్పగలరు. ఈ అబద్ధం మాత్రం మొన్నమొన్నటి దాకా ఎవరికీ తెలియదు. ఎన్నిసార్లో నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. నా పేరు మీకక్కర్లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇంత ధైర్యం చేస్తున్నాను.

ముందు నొప్పి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన పని మీకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

శ్రీకాకుళం ఒడ్డు నుంచి పెళ్ళయి, ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చాను. మా ఆయన వేటకు వెళ్తాడు. అత్త చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. రెండో కాన్పు తర్వాత మొదలైంది నాకు. పొద్దున్నే లేస్తే వేళ్ళు ముడుచుకోవు. ఇవాళ మెడ, రేపు తుంటి, ఎల్లుండి రెండు మోకాళ్ళూ. పొలుసు గీకే కత్తి పట్టుకుంటే మణికట్టు నుంచి మోచేతి దాకా తీగ పట్టి లాగినట్టుండేది. తల దువ్వుకోవడానికి చెయ్యెత్తాలంటే ముందు మనసులో సిద్ధపడాల్సి వచ్చేది. రక్తం పరీక్షలు చేశారు, ఎక్స్‌రేలు తీశారు, మళ్ళీ రక్తం తీశారు. అంతా నార్మల్ అన్నారు. ఆ మాటకి సంతోషించాలని తెలియక ఆసుపత్రి వరండాలోనే ఏడ్చాను.

రోగం లేదన్నాక నొప్పెక్కడిది? అందరి ప్రశ్నా అదే. "పని అనేసరికి నొప్పి, పెళ్ళిభోజనం అనేసరికి మాయం," అనేది పక్కింటి బెంగాలీ దీదీ, హిందీలో, నవ్వుతూ. మా ఆయన మంచివాడే. కానీ ఆయన కూడా నన్ను పడవ ఇంజన్‌ని చూసినట్టు చూసేవాడు, మెకానిక్ బాగానే ఉందన్నాక ఇంకా ఈ చప్పుడేమిటి అన్నట్టు.

నమ్మింది ఒక్క అత్తే.

అత్తకి చదువు రాదు. అయినా ఇంట్లో కేలండర్ ఆవిడదే. వేటకు వెళ్ళే ఇల్లు కదా, అమావాస్య ఎప్పుడో పున్నమి ఎప్పుడో, పోటు ఎప్పుడు ఎక్కువో చూసుకోవాలి. గడుల్లోని చంద్రుడి బొమ్మల్ని బట్టి పోల్చుకునేది. ఒకరోజు బాల్ పెన్ను తీసుకుని ఆనాటి గడిలో చుక్క పెట్టింది. సముద్రం పోటుకీ నా నొప్పికీ సంబంధం ఉందేమో కనిపెడదామని ఆవిడ ఆలోచన. అప్పటి నుంచి రోజూ దీపం పెట్టాక "ఈయాల ఎన్ని?" అని అడిగేది. ఒకటంటే పని చేసుకోగలను. రెండంటే ఆగి ఆగి చేసుకోగలను. మూడంటే మంచం. నొప్పి లేని రోజు గడి ఖాళీ. నేను ఎన్నంటే అన్ని చుక్కలు పెట్టేది. నా మొహంలోకి తేరిపార చూడటం, నిజమేనా అని ఆరా తీయడం, ఏనాడూ లేదు.

పోటుతో సంబంధం ఏమీ తేలలేదు. చుక్కలు మాత్రం మానలేదు. ఏడాది తిరిగాక కేలండర్ని చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ట్రంకు పెట్టెలో దాచేది. ఎప్పటికైనా వాటిని చదవగలిగే డాక్టరు వస్తాడని ఆవిడ నమ్మకం.

ఇక ఆ మంగళవారం సంగతి.

ఇంకో దీవిలో, హట్ బేలో అత్తకి అప్ప ఉండేది, తోడబుట్టిన ఒక్కగానొక్క మనిషి. ఆవిడ మంచం పట్టిందని ఫోనొచ్చింది. మా ఆయన ఫీనిక్స్ బే జెట్టీలో లైన్లో నిలబడి అత్తకీ నాకూ పిల్లలకీ ఓడ టికెట్లు తెచ్చి, మర్నాడు వేటకు పోయాడు. అత్త ఒంటరిగా ఓడెక్కి ఎరగదు. టికెట్టు మీద ఏం రాసుందో చదవడం రాదు, పైగా ఓడ కదిలితే చాలు వాంతులు. అందుకని నేను తోడు. పిల్లలిద్దర్నీ కూడా వెంటబెట్టుకుని వెళ్ళాలి. పక్కింటి దీదీ కూడా అదే ఓడలో కూతురి ఇంటికి వెళ్తోంది.

ఆ తెల్లవారుజామున మెలకువ వచ్చింది. ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తెలియలేదు. వేళ్ళు ముడిచాను, ముడుచుకున్నాయి. మెడ తిప్పాను, తిరిగింది. లేచి కూర్చుని రెండు చేతులూ తలపైకి ఎత్తాను. ఎక్కడా ఏమీ లేదు. ఎన్ని నెలలైందో అలాంటి పొద్దు చూసి! చిన్నపిల్లలా నాలో నేను నవ్వుకున్నాను.

ఆ వెంటనే ఓడ గుర్తొచ్చింది. ఆ ఇనప కుర్చీలో గంటలకు గంటలు కూర్చుంటే ఈ ఒళ్ళు మళ్ళీ ఏమవుతుందో నాకు తెలుసు. వారం పది రోజులు మూడు చుక్కలే. ఈ ఒక్కరోజూ నాకు కావాలనిపించింది. ఏం చేద్దామని? పెద్దగా ఏమీ లేదు. నా తల నేనే రుద్దుకుని అంటుకోవాలి. ఒడ్డు వెంట ఆ చివరిదాకా నడిచి, నడిచే తిరిగి రావాలి. అంతే.

ఆ మాటే అత్తతో చెప్పొచ్చు కదా? ఇవాళ నాకు బాగుంది, ఈ రోజుని ఓడలో పోగొట్టుకోవాలని లేదు, నువ్వు దీదీతో వెళ్ళు అని? ఆరేళ్ళుగా ఇదే అడుగుతున్నాను నన్ను నేను. మా ఇళ్ళలో "నాకు చేతకాదు" అంటే ఒప్పుకుంటారు, "నాకిష్టం లేదు" అంటే ఒప్పుకోరు. అది నిజమే. కానీ అత్త ఒప్పుకునేదేమో. అడిగి చూడలేదు కదా నేను. చేతికి దగ్గరగా ఉన్న సాకు తీసుకున్నాను.

"అత్తా, నాను లెగనేను," అన్నాను.

అత్త అప్పటికే కొత్తచీర కట్టుకుని, అప్పకోసం వేయించిన నెత్తళ్ళు డబ్బాలో సర్దుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"ఏటైనాదే?"

"ఒల్లంతా పట్టీసినాది. మూడు."

"ఓలమ్మో."

"నువ్వెల్లు అత్తా. దీదీ ఎల్తన్నాది కదా, ఆవిడతోటి ఎల్లు. పిల్లల్ని నాను సూసుకుంటాను."

"లెగనేనని నువ్వే అంతన్నావు, పిల్లల్నెలాగ సూస్తావే? నిన్నిలాగ ఒగ్గేసి నానెల్తానేటి? బోటు ఎల్లుండి మల్లా ఉంటాది. అప్ప ఎక్కడికి పోతాది?"

నా లెక్క తప్పింది. ఆవిడ దీదీతో వెళ్ళిపోతుందనే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు. అప్పుడైనా లేచి నిలబడాల్సింది. "తగ్గిందత్తా, పద" అనాల్సింది. ఓడకి ఇంకా టైముంది, ఇప్పుడంటాను ఇప్పుడంటాను అనుకుంటూ పడుకునే ఉన్నాను. దీదీ వచ్చి గుమ్మంలోంచి చూసి, పెదవి విరిచి, తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

అత్త కొత్తచీర విప్పి మడతపెట్టి, పాతది కట్టుకుంది. రాళ్ళ ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి నాకు కాపడం పెట్టింది. నొప్పి లేని ఒంటికి కాపడం పెడితే ఎంత మంటో మీకు తెలియదు. ఓర్చుకున్నాను. మధ్యమధ్య మూలిగాను కూడా, అదీ చెప్పాలి. పిల్లల్ని తయారుచేసింది, వండింది, మళ్ళీ ఉప్పు వేయించింది. నేను దాచుకోవాలనుకున్న రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాను. సాయంత్రం ఎన్ని అని అడగను కూడా లేదు. తనే మూడు చుక్కలు పెట్టింది.

ఆ మర్నాడు గాలి లేచింది. సముద్రం బాగోలేదని ఓడలు ఆపేశారు. ఎల్లుండి ఓడా లేదు, ఆ తర్వాతదీ లేదు. ఐదోరోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది, అప్ప పోయిందని.

అత్త ఎలా ఏడ్చిందో రాయను. పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ ఒకటే మాట. "నా కోడలు లెగనేకపోనాది. ఏటి సేస్తాను, దాన్ని ఒగ్గీనేను కదా." నేను పక్కనే కూర్చుని విన్నాను, తేలు కుట్టిన దొంగలాగ.

అప్ప చావుకి నేను కారణం కాదు. అది తెలుసు. కానీ ఆఖరిచూపు పోయింది, అది నా వల్ల. ఇంకొకటి కూడా జరిగింది. ఆ తర్వాత నిజంగా మూడు చుక్కల రోజులు ఎన్నో వచ్చాయి. అత్త "ఎన్ని?" అని అడిగినప్పుడు "ఒకటే" అనేదాన్ని. నాకు నేను వేసుకున్న శిక్ష అనుకున్నాను. పళ్ళు బిగించి చేపలు తోమేదాన్ని. అంటే ఒక అబద్ధపు గడిని కడగడానికి ఇంకో వంద గడులు పాడుచేశాను. నా తెలివి అలా ఏడ్చింది.

ఈ సంవత్సరం సముద్రం అవతల దేశం వైపు నుంచి ఒక డాక్టరు క్యాంపుకి వచ్చాడు. అత్త కేలండర్లన్నీ చంకన పెట్టుకుని నన్ను లాక్కుపోయింది. ఆయన నవ్వలేదు. రబ్బరు బ్యాండ్లు తీసి, బల్ల మీద పరిచి, ఒక్కొక్క నెలా వేలితో చూసుకుంటూ పోయాడు. ఇవి ఎవరు పెట్టారని అడిగితే అత్త తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఆప్ కా దర్ద్ సచ్ హై, బహన్‌జీ," అన్నాడు నాతో. నీ నొప్పి నిజమే అని. ఒక డాక్టరు నోట ఆ మాట వినడం అదే మొదలు. దీనికి కారణం ఇదీ అని నేను చెప్పలేను, పూర్తిగా పోతుందనీ చెప్పను, కానీ తగ్గించుకోవచ్చు అన్నాడు. రోజూ కొంచెం నడవమన్నాడు. అలసట రాకముందే ఆగమన్నాడు. బాగున్న రోజున పనంతా మీదేసుకోవద్దన్నాడు.

తర్వాత ఆయన వేలు ఒక గడి దగ్గర ఆగింది. అంతకుముందు రోజులన్నీ ఒకటి రెండు చుక్కలే, ఆ తర్వాతవీ అంతే. మధ్యలో ఆ ఒక్క మంగళవారం మూడు. "ఈ రోజు ఏం జరిగింది? బరువేమైనా ఎత్తారా?" గుర్తులేదన్నాను. ఆరేళ్ళ తర్వాత అదే గడి మీద ఇంకో అబద్ధం. కానీ అత్తకి గుర్తుంది. ఏ గడి ఎక్కడుందో ఆవిడకి కంఠతా. వచ్చీరాని హిందీలో అప్ప గురించి, ఓడ గురించి అంతా చెప్పింది. డాక్టరు తలూపి, ప్రయాణమంటే బెంగపడినా కొందరికి నొప్పి ఎక్కువవుతుంది అన్నాడు.

ఇంటికొచ్చే బస్సులో అత్త కేలండర్లన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దిగాక, "అయితే ఆ దినం నీకు నొప్పి తెచ్చింది నానేనన్నమాట. ఓడెక్కమని పీకినాను కదా," అంది.

అప్పటి నుంచి నాకు ఏ పనీ చెప్పడం మానేసింది. హట్ బే నుంచి అప్ప కూతురు ఫోన్ చేసి, మనవరాలికి చెవులు కుట్టిస్తున్నాం, రా పిన్నీ అంటే రానంది. తోడు రమ్మని నన్ను అడగాల్సి వస్తుందని. అప్ప ఇంటికి ఆవిడ ఇంతవరకూ వెళ్ళనే లేదు. నా అబద్ధపు బరువు ఇప్పుడు ఆవిడ నెత్తిన పడింది. అది చూస్తూ ఎలా ఊరుకోను?

పోయిన గురువారం, అత్త డాబా మీద ఎండుచేపలు తిరగేస్తుంటే ఆ కేలండర్ పట్టుకుని వెళ్ళాను. గడి మీద వేలు పెట్టాను. ఆ రోజు నాకు నొప్పి లేదని చెప్పాను. ఒక్కచుక్క కూడా లేదని. ఎందుకు అబద్ధమాడానో చెప్పాను. ఆ తర్వాత తగ్గించి చెప్పిన రోజుల సంగతీ చెప్పాను. దాచుకున్నది ఏదీ మిగల్లేదు.

అత్త ఆ గడిని చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. మిగిలిన చేపలు తిరగేసి కిందికి దిగిపోయింది.

మూడు రోజులు నన్ను ఎన్ని అని అడగలేదు. ఈ నెల కేలండర్లో ఆ మూడు గడులూ ఖాళీగానే ఉన్నాయి, ఎవరైనా చూస్తే నాకు నొప్పి లేదనుకుంటారు. ఉంది. భయం కూడా ఉంది. కానీ అన్నం రుచి తెలుస్తోంది. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నిన్న నేనే ఫీనిక్స్ బే వెళ్ళాను. లైన్లో కాసేపు నిలబడి, కాసేపు పక్కన కూర్చుని, హట్ బేకి రెండు టికెట్లు తెచ్చాను. అత్త ముందు పెట్టాను. వస్తాననలేదు. పొద్దున చూస్తే గుమ్మం పక్కన ఎండు నెత్తళ్ళ పొట్లాలు రెండు కట్టి ఉన్నాయి. ఓడ దిగేసరికి నాకు నొప్పి రావచ్చు. వస్తే ఎంత వచ్చిందో అంతే చెబుతాను.

ఇవాళ సాయంత్రం దీపం పెట్టి, పెన్ను పట్టుకుని వచ్చింది.

"ఈయాల ఎన్ని?"

"రెండు," అన్నాను.

ఇన్నేళ్ళలో మొదటిసారి నా మొహంలోకి చూసింది. కళ్ళలోకి, నిదానంగా, బజారులో చేప తాజాదో కాదో చూసే మనిషి చూసినట్టు. ఆ చూపు నాకు రావలసిందే. తల దించుకోకుండా నిలబడ్డాను. తర్వాత కేలండర్ వైపు తిరిగి రెండు చుక్కలు పెట్టింది.