తొమ్మిదా, పాతికా: మా తెరచాప పడవకు ఇంజను వెతుకుతూ తెనాలి, బాపట్ల, రేపల్లె

నెల రోజులుగా మా ఇంట్లో పడవ మాటెత్తితే విజయ లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. విజయ మా ఆవిడ. పడవ మాదే. పందొమ్మిది అడుగుల ఫైబర్ పడవ, పైన ఒక తెరచాప, వెనక చిన్న ఇంజను, మధ్యలో ఇద్దరు వంగి దూరేంత గది. ఇలాంటి వాటిని మోటార్‌సెయిలర్ అంటారు. గాలి ఉంటే చాప, లేకపోతే ఇంజను. తెనాలిలో ఇంటర్ పిల్లలకు పాతికేళ్ల పైన ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, తోటివాళ్లంతా కాశీకి టిక్కెట్లు తీసుకుంటే నేను బాపట్లలో పడవ కట్టించుకున్నాను. విజయ మొదట నవ్వింది. తర్వాత తనే దిండ్లు, గ్యాస్ పొయ్యి, ఆవకాయ సీసా తెచ్చి అందులో సర్దింది.

పోయిన నెల రేపల్లె దిగువన ఉన్న రేవు నుంచి కృష్ణ మొగ దాకా, అంటే నది సముద్రంలో కలిసే చోటి దాకా, ఇద్దరం వెళ్లాం. తిరిగి వచ్చే వేళకు గాలి పడిపోయింది. పాటు మొదలైంది, నదిలోకి ఎక్కిన నీళ్లను సముద్రం వెనక్కి లాక్కుంటోంది. మా నాలుగు హార్స్‌పవర్ ఇంజను గొంతు చించుకుంటున్నా ఒడ్డున ఉన్న తాటిచెట్టు మా పక్కనే నిలబడింది. కాసేపటికి అది మమ్మల్ని దాటి ముందుకు నడవడం మొదలుపెట్టింది. లంగరు వేస్తే ఇసుకలో పట్టలేదు. చివరికి ఒక చేపల బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. ఇంటికొచ్చాక విజయ ఒకటే మాట అంది, "నేనిక ఎక్కనండి. అమ్మేయండి." చీరాల నుంచి ఒక బట్టల వ్యాపారి ఆదివారం చూడటానికి వస్తానన్నాడు. ఈలోగా సరైన ఇంజను ఎంతో తేల్చుకుని విజయకు ధైర్యం చెప్పగలిగితే పడవ ఉంటుంది, లేకపోతే చీరాల వెళుతుంది. ఒక్కడినే ఎక్కే పడవ నాకూ అక్కర్లేదు. అందుకే గురువారం పొద్దున్నే మోకాళ్లకు మందు రాసుకుని బయల్దేరాను.

తెనాలి నుంచి బాపట్లకు ప్యాసింజర్‌లో గంట పైన పడుతుంది. ఏడుకు ఎక్కితే ఎనిమిదింబావుకు దించింది. టిక్కెట్టు యాభై లోపే, కానీ కూర్చునే చోటు దొరుకుతుందని మాత్రం అనుకోకండి. నిడుబ్రోలు దాకా నిలబడే ఉన్నాను. స్టేషన్ బయట తోపుడుబండి దగ్గర ప్లేటు ఇడ్లీ తీసుకున్నాను. ఇడ్లీలు పెడుతున్నావిడ నా మొహం చూసి, "ఏంటి బాబాయ్ గారూ, పొద్దున్నే అంత నీరసంగా ఉన్నారు? వేడిగా పెసరట్టు వేసిమ్మంటారా?" అంది. "నిద్ర లేదమ్మా, ఇడ్లీ చాలు" అన్నాను. అది నిజమే. నెల రోజులుగా నిద్రలో తాటిచెట్టు నడుస్తూనే ఉంది.

మా పడవ కట్టినతనే ఇంజన్లు కూడా అమ్ముతాడు. షెడ్డు స్టేషన్‌కు ఆటోలో పది నిమిషాలు, ఎనభై రూపాయలు. నా కథ వినగానే చేతిలో ఉన్న బ్రష్ పక్కన పెట్టేశాడు.

"పాతిక హార్స్‌పవర్‌ది పెట్టేయండి సార్. ఇంక తిరుగుండదు. సముద్రం కాదు కదా, దాని తాత లాగినా వచ్చేస్తారు."

"ఇది స్పీడ్ బోటు కాదు కదయ్యా. ఎంత తోసినా నీళ్ల మీదికి లేవదు, చీల్చుకుంటూనే వెళ్తుంది" అన్నాను.

"మీరు లెక్కలు చూస్తారండి. నేను జనం తిరిగొచ్చారా లేదా చూస్తాను. పాతికది నా దగ్గర ఒక్కటే మిగిలింది. సాయంత్రం లోపు ఫోన్ చెయ్యండి."

నా జేబులో కాగితం ఉంది. ఇలాంటి పడవలకు టన్నుకు నాలుగు, అయిదు హార్స్‌పవర్ చాలన్నది పుస్తకాల లెక్క. పడవ పొడవు ఒక హద్దు గీస్తుంది. మాది గంటకు పది కిలోమీటర్లు దాటదు. ఆ పైన ఎంత ఇంజను పెట్టినా వెనక అల పెద్దదవుతుంది తప్ప పడవ వేగం పెరగదు. పడవ ఆరు వందల కిలోలు కాబట్టి నాలుగు చాలని మొదట్లో నేనే తేల్చాను. అక్కడే తప్పులో కాలేశాను. ఆ ఆరు వందలు ఖాళీ పడవది. మేమిద్దరం, లంగరు, నీళ్ల క్యాన్లు, పెట్రోలు, విజయ సర్దిన సంసారం కలిపితే టన్నుకు తక్కువ లేదు. ఒక్క పూట ప్రయాణానికి అయిదు కిలోల బియ్యం ఎందుకని అప్పుడే అడిగాను. "దారిలో ఎవరైనా కలిస్తే?" అంది. నది మధ్యలో ఎవరు కలుస్తారో నాకు తెలియదు, కానీ ఆ బియ్యం కూడా లెక్కలోకి రావాలి. పైగా నేను వేసిన లెక్కంతా నిలిచిన నీళ్లకు. కృష్ణ మొగలో నీళ్లు నిలవవు.

ఇంత తెలిసీ షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పటికి పాతిక వైపే మొగ్గాను. భయం వేసినప్పుడు ఫిజిక్స్ ఎవరికీ గుర్తుండదు.

బాపట్ల నుంచి రేపల్లెకు నేరుగా వెళ్లే బస్సు నా కళ్ల ముందే కదిలిపోయింది. చెరుకుపల్లిలో మారాను. అక్కడ తర్వాతి బస్సుకు యాభై నిమిషాలు ఎండలో కూర్చున్నాను. టీ కొట్టు బల్ల మీద నా పక్కన ఒక ట్రాక్టరు డ్రైవరు కూర్చుని ఉన్నాడు, కాళ్లకు మోకాళ్ల దాకా బురద. ఎక్కడికని అడిగితే ఇంజను సంగతి చెప్పాను.

"పెద్దది మంచిదేగా అనుకుంటారండి అందరూ" అన్నాడు టీ ఊదుకుంటూ. "మా మాగాణిలో దమ్ముకి పెద్ద ట్రాక్టరు దింపితే ఏమవుద్దో తెలుసా? దున్నటం సంగతి దేవుడెరుగు, దాన్ని లాగటానికి ఇంకోటి తేవాలి. బండి కాదు బాబాయ్, కింద ఏముందో చూసుకోవాలి."

పాతికేళ్లు నేను బోర్డు మీద చెప్పిన దానికంటే ఇది తేలిగ్గా అర్థమైంది. అయినా సాయంత్రం లోపు ఫోన్ చేయాలన్న మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

రేపల్లెలో దిగేసరికి ఒంటిగంట దాటింది. ఆకలి చచ్చిపోయింది, అరటిపళ్లు తిన్నాను. రేవుకు ఆటో అతను నాలుగు వందలు అడిగి మూడు వందల యాభైకి వచ్చాడు, ముప్పావు గంట ప్రయాణం. మీరు వెళ్తే తిరుగు ఆటో కూడా అప్పుడే మాట్లాడుకోండి, అక్కడ దొరకవు. మమ్మల్ని లాక్కొచ్చిన బోటు యజమాని వీరాస్వామి రేవులోనే వల కుట్టుకుంటున్నాడు. అరవై దాటినవాడు. తన బోటుకు తొమ్మిది పాయింట్ తొమ్మిది హార్స్‌పవర్ ఇంజను ఉంది. ఈ తీరంలో చిన్న బోట్లకు ఎక్కువగా కనిపించేది అదే.

"వీరాస్వామీ, పాతిక పెట్టమంటున్నారు. నువ్వేమంటావు?" అని అడిగాను.

"దేనికండి మాస్టారూ?"

"మొగ దాకా పోవడానికి."

వీరాస్వామి సూది ఆపేశాడు. "పోవటం అనకండి. పడవ దగ్గర ఆ మాట అనకూడదు. మీ ఇంట్లో గడప దాటేటప్పుడు ఏమంటారు?"

"వెళ్లొస్తాను అంటాం."

"అదిగో. దాంట్లో రెండున్నాయిగా. వెళ్లటానికి మీకు చాపుంది, గాలుంది, పాటుంది. వాటికి ఇంజనెందుకు? వచ్చేదానికి కొనుక్కోండి. గాలి లేదు, పాటు ఎదురు, పడవ నిండా సామాను, మా చెల్లెమ్మ బియ్యం మూటతో సహా. అప్పుడు ఎంత కావాలో అంతే. పిసరు ఎక్కువొద్దు, తక్కువొద్దు."

పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట అంటూనే ఉన్నాను, అందులో సగమే లెక్కేసి ఇంజను కొన్నాను.

అయితే పాతిక ఎందుకు వద్దో అడిగితే చెప్పలేదు, చూపించాడు. ఆ రోజు నుంచి రేవులోనే కట్టి ఉన్న మా పడవలోకి దిగి సరాసరి వెనక బల్ల చివర, ఇంజను పక్కన కూర్చున్నాడు. "ఆ పెద్ద ఇంజనూ, దాని పెట్రోలు డబ్బా కలిపితే నేనంత. ఇప్పుడు మీరొచ్చి చుక్కాని దగ్గర కూర్చోండి." కూర్చున్నాను. పడవ ముక్కు పైకి లేచింది, వెనక కుంగింది. కాళ్ల కింద నీళ్లు బయటికి పోవడానికి ఉన్న కన్నాల్లోంచే నది లోపలికి రావడం మొదలైంది. నా చెప్పులు తడిశాయి.

"చాలా?" అన్నాడు వీరాస్వామి.

చాలన్నాను.

తర్వాత తన ఇంజను విప్పి మా పడవకు బిగించాడు. మూడు గంటలకు పాటు బలంగా ఉంది. నీళ్ల క్యాన్లు నింపి, విజయకూ సామానుకూ బదులు రెండు ఇసుక మూటలు వేసి, ఎదురు వెళ్లాం. ఇంజను పిడి సగం కంటే కాస్త ఎక్కువ తిప్పేసరికి ఒడ్డు మెల్లగా వెనక్కి కదిలింది. ఇంకా తిప్పడానికి మిగిలి ఉంది. ఆ మిగిలిందే కావలసింది. ఒక లోపం కూడా తెలిసింది. అతని ఇంజను కాడ, అంటే ఇంజను నుంచి నీళ్లలోని ఫ్యాను దాకా దిగే కడ్డీ, పొట్టిది, మా పడవ వెనక గోడ ఎత్తు. చిన్న అల వచ్చినప్పుడల్లా ఫ్యాను నీళ్లలోంచి బయటపడి గాలిలో గిర్రున తిరిగింది. మాకు పొడవు కాడ ఉన్నది కావాలి. ఫ్యాను కూడా వేగానికి కాకుండా బరువు తోయడానికి చేసింది ఉండాలి. హార్స్‌పవర్ సరిగ్గా చూసుకుని ఈ రెండూ మరిచిపోతే కొన్న శక్తి సగం గాలికే.

ఒడ్డుకొచ్చి బాపట్లకు ఫోన్ చేసి పాతిక వద్దన్నాను. ఒంట్లో ఓపిక లేకపోయినా మనసు తేలికపడింది. సామాను సర్దుకుంటుంటే వీరాస్వామి మామూలుగా అడిగాడు.

"మాస్టారూ, ఆ రోజు నాకంటే ముందు రెండు బోట్లు మీ పక్క నుంచే వచ్చినయ్యంట. మావాళ్లే. చేపలు పట్టుకుంటున్నారేమో అనుకున్నారంట. చెయ్యెత్తలేదేమండి?"

ఇంతవరకు మీకూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మొదటి బోటు వచ్చినప్పుడు విజయ లేచి కొంగు ఊపబోయింది. "పరువు తియ్యకు, కూర్చో. నేను చూసుకుంటాను" అన్నాను. రెండోది వచ్చినప్పుడు తను లేవలేదు, నా వైపు చూసింది అంతే. మూడో బోటుకు కూడా నేను చెయ్యెత్తలేదు. వీరాస్వామికే అనుమానం వచ్చి దగ్గరికొచ్చాడు.

రేపల్లె నుంచి తెనాలికి సాయంత్రం ప్యాసింజర్ దొరికింది. గంటన్నర, సీటు కూడా దొరికింది. నిద్ర మాత్రం పట్టలేదు. ఇంటికి చేరేసరికి ఏడున్నర. విజయ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను: తొమ్మిది పాయింట్ తొమ్మిది, పొడవు కాడ, పెద్ద ఫ్యాను, పాటుకు ఎదురు వెళ్లి చూశాను, ఇంకా శక్తి మిగిలింది అని. తను చివరిదాకా విన్నది.

"ఇంజను సంగతి సరేనండి. మీ చెయ్యి సంగతి చెప్పండి."

"తప్పు నాదే విజయా. నిన్ను కూర్చోమనకుండా ఉండాల్సింది."

చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "నాకు సముద్రమంటే భయం వెయ్యలేదు" అంది. "మునిగిపోతున్నా మీరు అడగరేమోనని భయమేసింది. చీరాల ఆయనకి రావద్దని చెప్పండి. ఈసారి ఇంజను మీరు చూసుకోండి, చెయ్యి నేనెత్తుతా."

మోకాళ్లు ఇంకా నొప్పులే. ఒక్క రోజులో రెండు రైళ్లు, రెండు బస్సులు, అన్ని ఆటోలు ఎక్కింది ఒక అంకె కోసమని అనుకున్నాను. అంకె దొరికింది, తప్పేమీ లేదు: మా లాంటి టన్ను పడవకు, ఎదురు నీటికి, పది లోపు చాలు. కానీ నాలుగు హార్స్‌పవర్ మమ్మల్ని సముద్రం వైపు కొంచెమే వదిలింది, మిగిలిన దూరం నా పరువే లాక్కెళ్లింది. దానికి ఎదురు నిలిచే ఇంజను ఏ షెడ్డులోనూ దొరకదు. మీరు ఇలాంటి పడవ కొంటుంటే నా సలహా ఒకటే: చుక్కాని పక్కన ఒక గడకు మూర పొడుగు నారింజ రంగు గుడ్డ కట్టి పెట్టుకోండి, పడవలో ముందు ఎవరికి భయమేస్తే వాళ్లే దాన్ని ఎత్తాలి, రెండోవాళ్లు కూర్చోమనకూడదు.