జపాను డాక్టరు గోడమీది కొంగ

రంగూన్ నుంచి తిరిగొచ్చి మహాకావ్యం రాస్తానని మిత్రులకు మాటిచ్చాను. తీరా రాయబోతే మిగిలింది ఒక్క కొంగ.

రంగూన్‌లోని బోటాటౌంగ్ రేవులో మూటలు మోసే అప్పలస్వామి భార్యకు దగ్గితే రక్తం పడుతోంది. ఆమెను జపాను డాక్టరుకు చూపించడానికి వెళ్తూ, ఇంగ్లీషు మాట్లాడడానికి నన్నూ వెంటబెట్టుకున్నాడు. డాక్టరు గదిలో పొడవాటి పటం వేలాడుతోంది: సరుగుడులాంటి చెట్టు, దాని కింద ఒంటికాలి మీద కొంగ. అప్పలస్వామి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేటి బాబూ, కొంగజపం బొమ్మెట్టుకున్నాడు? సేపల్ని మోసం సేసినట్టు మనల్నీ సేత్తాడు. లెగే, పోదాం."

ఆమె అప్పటికే బల్లమీద కూలబడింది. నేను మాట కాస్త మెత్తబరిచి డాక్టరును అడిగాను. ఆయన నవ్వలేదు. తమ దేశంలో ఆ పక్షికి వెయ్యేళ్ళ ఆయుష్షంటారనీ, ఆ చెట్టు మంచులోనూ పచ్చగా ఉంటుందనీ, రోగుల కోసమే ఆ పటం తగిలించాననీ చెప్పాడు.

అది తెలుగులో చెప్పాను. అప్పలస్వామి కొంగను చాలాసేపు చూసి, తలగుడ్డ తీసి లోపలికొచ్చాడు.

"ఈ మడిసితో వెయ్యేళ్ళేటి బాబూ," అంది ఆమె దగ్గు ఆపుకుంటూ. "ఒక్కపాలి మా ఊరు సూసొచ్చీదాకా సాలు."

ఆమె ఏమందని డాక్టరు అడిగాడు. చెప్పాను. ఆయన మరి కొంగవైపు చూడకుండా మందు కలిపాడు.

తాగేముందు సీసాను బాగా కుదపాలని ఆమెకు చెప్పమన్నాడు.