జామను చివర రాసిన జాబితా

2011లో నేను మహబూబాబాద్‌లో ఉద్యాన అధికారిగా పనిచేస్తున్నాను. అప్పటికి ఆ ఊరూ, మా జనగామా, భూపాలపల్లీ ఒకే జిల్లాలో ఉండేవి. అద్దె ఇళ్లలో, గనుల క్వార్టర్లలో ఉండేవాళ్లకు గజం నేల కూడా ఉండదు. ఎన్నడూ మొక్క నాటనివాళ్లు కూడా డబ్బాల్లో పెంచుకోగల పండ్ల మొక్కలు ఏవో తేల్చి జాబితా పంపమని మా పైఅధికారి ఆ వేసవిలో నాకు పని అప్పగించారు.

నాలుగు రకాలు ఎంచాను. ఏడాది తిరక్కుండా కాస్తుందని బొప్పాయిని మొదట రాశాను. తర్వాత నిమ్మ, దానిమ్మ. జామ చివరన, అదీ మనసొప్పక. ప్రతి పెరట్లో ఉండేదానికి మళ్లీ డబ్బా ఎందుకని నా చిన్నచూపు. రకానికి పన్నెండు చొప్పున, అడుగున బొక్కలు కొట్టిన పెయింటు డబ్బాల్లో మా శాఖ నర్సరీలో నాటించి, ప్రతిదానికీ నంబరు బిళ్ల కట్టించాను. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు దగ్గరుండి కలిపించాను. నీళ్లు పోసే పని మంగ్లీది. పక్క తండా నుంచి రోజుకూలీకి వచ్చేది. నేను రాసిన సూచనల్లో మట్టి గురించి ఒక పేజీ, ఎండ గురించి ఒక పేజీ ఉన్నాయి. నీళ్ల గురించి ఉన్నది ఒక్క వాక్యం: క్రమం తప్పకుండా పోయాలి.

సెప్టెంబరులో రాష్ట్రం కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. నర్సరీ తాళంచెవి మంగ్లీ చేతిలో పెట్టి, "మొక్కలు పైలం" అని ఒక్క మాట చెప్పి, జనగామ దీక్షా శిబిరానికి వెళ్లిపోయాను.

నెల గడిచాక ఒక పొద్దున చూసి పోదామని వచ్చాను. నా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాను. నలభై ఎనిమిది డబ్బాల్లో ఒక్కటీ లేదు. నేల మీద వాటి గుండ్రటి గుర్తులు మాత్రం వరుసగా ఉన్నాయి. తాళం పగల్లేదు కనుక తాళంచెవి ఉన్న మనిషే దొంగ అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. సమ్మెలో కలం పట్టనని ఒట్టేసినవాడిని, పోలీసు ఠాణాలో ఫిర్యాదు మాత్రం గుండ్రటి అక్షరాలతో పేజీ నిండా రాసిచ్చాను.

హెడ్ కానిస్టేబుల్‌తో కలిసి తండాకు వెళ్లేసరికి మంగ్లీ వాకిలి ఊడుస్తోంది. ఆయన బండి దిగుతూనే, పదిమంది చూస్తుండగా "ఏందే, సర్కారు సొమ్ము దొంగతనం జేస్తవా?" అని అరిచాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. నన్నే చూసింది.

"కరెంటు లేదు సారూ. బొగ్గు గనుల సమ్మె అయ్యె, మోటరు నడ్వకపాయె. ఆడ్నే ఉంచితె ఎండిపోతయని ఇంటింటికి పంచినం. నెత్తి మీద మోసుకొచ్చినం."

ఆమె కేకేస్తే ఆడవాళ్లు తమ ఇళ్ల ముందునుంచి డబ్బాలు తెచ్చి వరుసగా పెట్టారు. నలభై ఎనిమిదీ ఉన్నాయి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అది చాలదన్నట్టు అప్పుడు మొక్కల వైపు చూశాను. బొప్పాయిలు పన్నెండూ మొదలు కుళ్లి వాలిపోయాయి. నిమ్మలు సగం పోయాయి, దానిమ్మలు ఆకు రాల్చాయి. పన్నెండు జామలూ కొత్త చిగురుతో ఉన్నాయి.

నీళ్లు ఎన్నిసార్లు పోశారని అడిగాను. పొద్దున, పగటాల, మాపటికి పోశామని చెప్పారు. సర్కారు మొక్క ఎండితే మాట వస్తుందని వాళ్ల భయం. చేదబావి నుంచి తోడి మరీ పోశారు. డబ్బాలో నీళ్లు నిలిస్తే వేరుకు ఊపిరాడదు. బొప్పాయి అన్నిటికన్నా ముందు చస్తుంది.

"నీళ్లు పోస్తె గూడ సస్తయా సారూ?" అంది మంగ్లీ. "మీరు చెప్పకపోతిరి. సచ్చినయి గూడ పారెయ్యలే, మీరు అడుగుతరని."

ఆ సాయంత్రమే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. జాబితా తిరగరాశాను: జామ మొదట, బొప్పాయి కొట్టివేత. సూచనల్లో మొదటి వాక్యం నీళ్ల గురించే పెట్టాను: మట్టిలో వేలు గుచ్చి చూడండి, రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ రోజు పోయకండి.

సమ్మె ముగిశాక మంగ్లీని పనిలోకి పిలవడానికి నేనే తండాకు వెళ్లాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె మంచినీళ్లిచ్చి, నర్సరీ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"నీళ్లు పోసుడు నేర్సుకుంట సారూ. దొంగ అనిపిచ్చుకునుడు నాతోని కాదు."

కొత్తవాళ్లకు మొక్క ఎంచేటప్పుడు అది ఎంత తొందరగా కాస్తుందని కాక, ఎంత పొరపాటును తట్టుకుంటుందని చూడాలి. ఇది నేను ఆ ఏడు నేర్చుకున్నాను. మనుషులకు ఆ లెక్క పనికిరాదు. మంగ్లీ మళ్లీ పనికి రాలేదు.