మిర్చి యార్డులో మా పరిశోధన

ఎనుమాముల మిర్చి మార్కెట్ దగ్గర బస్సు దిగానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నాకు సుగుణ మేడమ్ మీద కోపం వస్తుంది. ఇన్నేళ్ళయినా తగ్గని కోపం.

మేడమ్ సమాజశాస్త్రం చెప్పేవారు. నా పరిశోధనకు గైడు. ఎనభైలలో ములుగు అడవుల్లో పోలీసులకూ, అన్నలని పిలిచే నక్సలైట్లకూ మధ్య యుద్ధం నడుస్తుండేది. ఆ రెండు తుపాకుల నడుమ రైతు కుటుంబాలు ఎలా బతుకుతున్నాయన్నది నా అంశం. సంచి సర్దుకుని ఊళ్ళకు బయల్దేరబోతే ఆవిడ అడ్డం పడ్డారు.

"నువ్వు ఏ ఇంట్ల చాయ్ తాగితే ఆ ఇంటికి పగలు జీపొస్తది, రాత్రి అన్నలొస్తరు. ఏం చెప్పినవని అడుగుతరు. వాళ్ళు మిర్చి అమ్మేటందుకు ఎనుమాముల వస్తరు గదా, ఆడనే మాట్లాడుదాం."

కుర్చీ లేదు, నీడ లేదు. మిర్చి రాశుల మధ్య చతికిలబడి, దగ్గుతూ తుమ్ముతూ పరిశోధన! నేనొక ప్రశ్న మొదలుపెట్టేసరికి అటు వేలంపాట మొదలయ్యేది. రైతు లేచి పోయేవాడు. విసుగుతో చచ్చేవాణ్ణి. మేడమ్ మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆయన తిరిగొచ్చేదాకా కదిలేవారు కాదు.

ఒకరోజు సారయ్య అనే రైతు రాశి సర్దుతూ, పోలీసులు జీపులో తీసుకుపోయిన తన తమ్ముడు మళ్ళీ రాలేదని మెల్లగా చెప్పాడు. కళ్ళు తుడుచుకుని, "మిర్చి ఘాటు మేడమ్," అన్నాడు.

"అవునన్నా, జర ఘాటుగనే ఉన్నది," అన్నారావిడ. అక్కడ అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. ఎవరూ మావైపు తిరిగి చూడలేదు. ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో నాకప్పుడు తెలిసింది.

సారయ్య మాటల మీద ఒక అధ్యాయం రాశాను. నా రాతలన్నిటిలోకీ అదే మంచిది. ఆ వారమే ఒక పోలీసు అధికారి డిపార్ట్‌మెంటుకు వచ్చి, నా గ్రంథం పూర్తికాగానే చదవాలని ఉందని ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. మేడమ్ ఆ అధ్యాయం తీసెయ్యమన్నారు.

"పేరు మార్చిన గదా మేడమ్!"

"తమ్ముడు పోయిన ఇల్లు ఆ ఊర్ల ఒక్కటే. ఇంక పేరెందుకు వాళ్ళకు?"

"మరి గీ రిసెర్చ్ ఎందుకు, ఎవలకోసం?" అని అరిచాను.

"ఎవరేం చెప్పిండ్రని అందరూ అడుగుతాండ్రు. మనం గూడ అదే అందిస్తే ఆ ఊరికి ఇంకో జీపు అయితం."

తీసేశాను. గ్రంథం మళ్ళీ రాసి ఇచ్చేలోపు నాకు రావలసిన ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆవిడ చెప్పింది సరైనదే. అయినా కోపం కోపమే. కాని ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడగబోతే, ఇది చెబితే ఇతనికి ఏమవుతుందన్న ఆలోచన నోటికి అడ్డం పడుతుంది. అది ఆవిడ నేర్పిన అలవాటే.

ఇవాళ యార్డులో ఒక రాశి పక్కన సారయ్య కనిపించాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. తమ్ముడి సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. చుట్టూ జనం. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఈసారి కాయ బాగ ఘాటున్నది సారూ," అన్నాడు.

"అవునన్నా, జర ఘాటుగనే ఉన్నది," అన్నాను.