వాసన చూసి పోసే డీజిల్

మా చెల్లెల్ని వడ్డాది దగ్గర రైతుకిచ్చాం. చోడవరంలో నా ఉద్యోగానికి సెలవు దొరికితే వాళ్లని చూసి రావడం అలవాటు. మొన్నటి ఖరీఫ్‌లో వానలు మొహం చాటేశాయి. బావ ఆకుమడి పచ్చదనం పోయి పసుపు తిరుగుతోంది. ఆ సాయంత్రంలోగా నీళ్లు పెట్టకపోతే నారు పోతుంది. నారు పోతే ఆ ఏడు ఊడ్పులు లేనట్టే. పొలం పక్కన పారే గెడ్డలోంచి నీళ్లు తోడటానికి డీజిల్ ఇంజను ఉంది. నేను వెళ్లేసరికి ట్యాంకు అడుగంటిందని బావ దాన్ని ఆపేసి, గట్టు మీద రెండు సీసాలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

రెండూ ఆకుపచ్చ కూల్‌డ్రింకు సీసాలే. ఒకదాంట్లో ఇంజనుకి పోసే డీజిల్. రెండోదాంట్లో గడ్డి కోసే మిషనుకి ఆయిల్ కలిపిన పెట్రోలు. ఏది ఏదో పైకి తెలియదు. సీసా మీద పేరు రాసుకోవడం వాళ్లకి నామోషీ. ముక్కుండగా రాతెందుకని. ఆ రోజు బావకి జలుబు.

కాబట్టి ముక్కుల కమిటీ కూర్చుంది. చెల్లి ముందు వాసన చూసి, ఎడమ సీసా డీజిల్ అంది. పక్కపొలం పెద్దాయన నోట్లో వెలుగుతున్న చుట్టతోనే సీసా మీదకి వంగాడు. నేను సీసా లాగేసుకున్నాను.

"ఏటి బాబూ, నా సుట్టకి బయపడతన్నావా? నువ్వు పుట్టక ముందునుంచీ ఇలాగే సూస్తన్నాను."

"చుట్ట కంపులో మీకు వేరే వాసనేం తెలుస్తుందండీ?"

అది నిజమేననిపించి ఆయన అవతలికెళ్లి చుట్ట ఆర్పి వచ్చాడు. బాగా పీల్చి, కుడి సీసా డీజిల్ అన్నాడు.

ఓట్లు సమానం. నేనూ చూశాను కానీ నా ముక్కుకి తేడా అందలేదు. నేను కాలేజీలో లెక్కలు చదివినవాణ్ణి కాదు; సొంతంగా నేర్చుకున్నాను, అందుకే వాటిని కాస్త ఎక్కువ నమ్ముతాను. ఒకే కొలతకి పెట్రోలు తేలిక, డీజిల్ బరువు. తూస్తే తేలిపోతుందన్నాను. దొరికిన కాటా బెల్లం దిమ్మలు తూచేది. దాని దృష్టిలో రెండు సీసాలూ ఒకటే.

"ఏదో ఒకటి పోసీద్దుం బావా," అన్నాడు బావ ముక్కు తుడుచుకుంటూ. "కాపోతే అదే ఆగిపోద్ది."

"ఇంజనింకా వేడి దిగలేదు. దాని మీద పెట్రోలు ఒలికితే మనమే అంటుకుంటాం."

"నీ లెక్క తెమిలేసరికి నా నారు ఎండుగడ్డైపోద్ది!"

చెల్లి రెండు సీసాలూ ఎత్తుకుపోయి, నీడలో మనుషులకీ పశువులకీ దూరంగా పెట్టేసింది. నేను బండి తీశాను.

బంకుకెళ్లే ముందు మూత గట్టిగా పట్టే డీజిల్ కేను ఒకటి కొన్నాను. ఎంత పోయించాలి? మడి ఎంత, పంపు ఎంత తోడుతుంది, గంటకి ఎంత తాగుతుంది అని బండి మీదే లెక్క వేశాను. మిగిలితే మళ్లీ ఏ కూల్‌డ్రింకు సీసాలోకో వెళుతుంది కనక చుక్క మిగలకుండా పోయించాను. కేను నేల మీద పెట్టించి మరీ నింపించాను. బంకులో అమ్మాయి నన్ను మందు కొలిచే కాంపౌండర్ని చూసినట్టు చూసింది.

తిరిగొచ్చేసరికి ఇంజను చల్లారింది. గరాటాకి జాలీ పెట్టి, అంచుదాకా పోయకుండా కొంచెం ఖాళీ వదిలి, ఒలికిన చుక్కలు గుడ్డతో తుడిచాను.

"పెళ్లికూతురికి నలుగు పెడతన్నాడర్రా," అన్నాడు పెద్దాయన.

బావ హేండిల్ తిప్పాడు. ఇంజను దగ్గి, నల్లగా ఊది, అందుకుంది. గెడ్డ నీళ్లు బోదెకాలవలో పడ్డాయి. మడి ఒక పక్కనుంచి తడిసి నల్లబడుతూ వచ్చింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఇంజినీరులా.

ఇంకో మూల తడవాల్సి ఉండగానే బావ ట్యాంకులోకి చూసి ఇంజను ఆపేశాడు.

"ఎందుకాపావ్?"

"పూర్తిగా అయిపోతే పైపులో గాలి పట్టేద్ది. ఇంక రేపటిదాకా లెగదు." నా వైపు తిరిగాడు. "బోదె పొడుగునా పీత బొరియలున్నాయి. నీళ్లు సగం అవే తాగేసేయి. నీ లెక్కలో పీతల్ని ఏసేవా బావా?"

వెయ్యలేదు. పీత ఎంత తాగుతుందో నాకు ఎవరూ చెప్పలేదు.

మళ్లీ బంకుకి వెళ్లొచ్చేసరికి పొద్దుపోతుంది. చెల్లి బిందెలు తెచ్చింది. అన్నిట్లోకీ పెద్దది నా చేతికిచ్చి, "ముందా మూలకి పొయ్యన్నయ్యా, అక్కడే వాడిపోతంది," అంది. పెద్దాయన కూడా పంచె ఎగ్గట్టి దిగాడు. నలుగురం గెడ్డకీ మడికీ మధ్య తిరిగాం. చీకటి పడేముందు ఆ మూల కూడా తడిసింది.