తాతయ్య ముట్టని రొట్టె

మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులేసే విమానంలో పనిచేశారు. ముందు పైలట్, వెనక తోకవైపు తిరిగి తుపాకీ పట్టుకుని ఈయన. బర్మా మీదికి వెళ్లి బతికొచ్చారు. పెదపాడు పక్కన మా ఊళ్లో మనిషిని నెత్తికెత్తుకోవడానికి అది చాలు. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పినా మాస్టారని ఒక్కరూ అనలేదు, మిలిటరీ తాతే.

అంతటి మనిషీ నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ముట్టేవారు కాదు. ఏసు శరీరం, రక్తం అని పంచే రొట్టె, ద్రాక్షారసం తన వరసకొస్తే తల దించుకునేవారు. చాటుగా తాగుతాడని కొందరు, రెండో సంసారం ఉందని కొందరు. కుండకైతే మూకుడు పెట్టగలం గానీ ఊరి మూతికి పెట్టగలమా?

రెండువేల సంవత్సరం దాటాక ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. ఏలూరు ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. అప్పుడు చర్చిలో సాక్ష్యం చెబుతానన్నారు. నేనే చెయ్యిపట్టుకుని మైకు దగ్గర నిలబెట్టాను. రేవులో పడవల మీద తుపాకీ పేల్చమంటే పేల్చానని, విమానం కిందికి దిగినప్పుడు ఒకామె చంకలో బిడ్డను చూశానని, చూసి కూడా ఆపలేదని చెప్పారు.

“నన్ను క్షమించండి. మీరు క్షమిస్తేనే బల్ల ముడతాను” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు! శత్రువులను దేవుడు ఈ వీరుడి చేతికి అప్పగించాడని పాస్టరుగారు మైకందుకున్నారు. శాలువా ముందే తెచ్చిపెట్టుకున్నారు, కప్పేశారు. ఫొటోకి నేనూ పక్కన నిలబడి నవ్వాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఇంటికొచ్చి మంచమెక్కాక ఆయన అడిగారు.

“ఏమ్మా, నేను చెప్పింది వాళ్లకి వినపడలేదంటావా?”

“యుద్ధమన్నాక అవన్నీ మామూలే కదా తాతయ్యా. మీరు చాలా మంచివారండీ.”

ఆయన గోడవైపు తిరిగిపోయారు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

పది రోజులకు స్పృహ తప్పింది. బల్ల ముట్టకుండా పోతే పరలోకం దక్కదని మా అత్తలు హడలిపోయి పాస్టరుగారికి కబురంపారు. ఆయన రొట్టె, ద్రాక్షారసం పట్టుకొచ్చారు. తాతయ్య పళ్లు బిగిసిపోయి ఉన్నాయి. దవడ పట్టి తెరవమన్నారు. అరవయ్యేళ్లు వద్దన్న మనిషి నోరు నేనే తెరిచాను, రెండు చేతులతో, గట్టిగా. ద్రాక్షారసంలో ముంచిన ముక్కను లోపలికి తోశారు. అందరూ స్తోత్రం అన్నారు.

ఆయన రెండుసార్లు దగ్గబోయారు, రాలేదు. నా చేతుల్లోనే పోయారు. ఆ ముక్క మింగలేదు. తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలక, అది నోట్లో ఉండగానే పెట్టె మూశాం.